దరఖాస్తు ఫారము: చుక్కల గీత నుండి నింపుడు గడికి

గ్రామస్థునికిని పంచాయతీకిని నడుమ జరుగు వ్యవహారములలో అధికభాగము ఒక కాగితముతో ప్రారంభమగును. ఇంటికి కుళాయి వేయించుకొనవలెనన్నను, పన్ను రిజిస్టరులో పేరు మార్పించుకొనవలెనన్నను, సంత స్థలములో అంగడి పెట్టుకొనవలెనన్నను మొదట నింపవలసినది దరఖాస్తు ఫారము. ఫారము స్పష్టముగా ఉన్నచో పని ఒక్క రాకతో ముగియును. అది తికమకగా ఉన్నచో దరఖాస్తు తిరిగి వచ్చును. తిరిగి వచ్చిన దరఖాస్తు కార్యాలయమునకు ఒక కాగితము మాత్రమే. కూలి చేసికొని బ్రతుకువానికి అది ఒకనాటి కూలి.

నేడు చాల పంచాయతీలలో ఫారములు కంప్యూటరుపై వర్డు వంటి సాధనములలో టైపు చేయబడి, అచ్చు తీయబడి, జెరాక్సు ప్రతులుగా పంచబడుచున్నవి. అదే ఫారమును కంప్యూటరు మీదనే నింపుటకు వీలుగా మార్చుట కష్టమైన పని కాదు. అందుకు ప్రత్యేకముగా సొమ్ము వెచ్చింపవలసిన అవసరమును లేదు. ఆ విధానమును పంచాయతీ సభ్యులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మీటలు నొక్కు పనిని కార్యదర్శియో, కార్యాలయములోని కంప్యూటరు సహాయకుడో చేయును. కాని ఏది అడుగవలెను, ఏది అడుగరాదు అను నిర్ణయము సభ్యులు చేయదగినది. ఈ రెండవ పనియే ముఖ్యమైనదని మా అభిప్రాయము.

టైపు చేసిన ఫారము వేరు, నింపదగిన ఫారము వేరు

టైపు చేసిన ఫారములో "పేరు" అను మాట ప్రక్కన చుక్కల గీత ఉండును. కాగితము మీద ఆ గీత చక్కగనే పనిచేయును. కంప్యూటరు తెర మీద మాత్రము అది గీత కాదు. వరుసగా కొట్టిన చుక్కలు మాత్రమే. ఎవరైనను అచట పేరు టైపు చేసినచో చుక్కలు ముందుకు జరుగును, పంక్తి విరుగును, క్రింది ప్రశ్న మరియొక పుటకు పోవును. ఇంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. నింపువారు ఖాళీలను మాత్రమే కాక ప్రశ్నలను, షరతులను, రుసుము మొత్తమును కూడ చెరిపివేయగలరు. తెలిసి చేసినను, తెలియక చేసినను ఫలితమొక్కటే. పదిమంది పంపిన పది దరఖాస్తులు పది రూపములలో చేరును.

నింపదగిన ఫారములో ఈ రెండు భాగములును వేరు చేయబడి ఉండును. అచ్చు మాటలు కదలవు. ఖాళీ ఉండవలసిన చోట ఒక గడి అమర్చబడి ఉండును. నింపువారు గడిలో మాత్రమే వ్రాయగలరు. పొలములో గట్టు వేసినచో నీరు మడిలో నిలిచినట్లు, వ్రాసిన మాట దాని గడిలోనే నిలుచును.

ఇట్టి ఫారములకు ఎల్లెడల వాడుకలోనున్న రూపము పీడీఎఫ్. ఎడోబి సంస్థ దీనిని 1993లో వెలువరించినది. 1996లో వచ్చిన 1.2వ రూపముతో నింపుడు గళ్ళు ఇందులో చేరినవి. 2008లో ఇది ఐ.ఎస్.ఓ. 32000 అను సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. కావున ఇట్టి ఫారములను తయారు చేయుటకుగాని, నింపుటకుగాని ఏ ఒక్క కంపెనీ సాధనము మీదను ఆధారపడనక్కరలేదు. క్రోము, ఫైర్‌ఫాక్సు వంటి బ్రౌజర్లలో కూడ వీనిని తెరచి నింపవచ్చును.

కంప్యూటరును ముట్టుటకు ముందు

చాలమంది చేయు పొరపాటు పాత ఫారమును ఉన్నదున్నట్లు కంప్యూటరులోనికి ఎక్కించుట. పాత ఫారములోని అనవసరపు ప్రశ్న క్రొత్త ఫారములో కూడ అనవసరపు ప్రశ్నయే. అది ఇప్పుడు కొంచెము అందముగా కనిపించును, అంతియే. అందుచేత ముందుగా పాత ఫారము ప్రతి నొకదానిని బల్లమీద పెట్టుకొని, చేత పెన్సిలు పట్టుకొని, ఒక్కొక్క ఖాళీని పరిశీలింపవలెను.

ఉదాహరణమునకు ఇంటి కుళాయి కొరకు ఇచ్చు దరఖాస్తును తీసికొందము. అందు పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, కులము, వార్షికాదాయము, ఆధారు సంఖ్య, ఇంటి నంబరు, వార్డు, పన్ను అసెస్‌మెంటు నంబరు, ఫోను నంబరు, ప్రధాన గొట్టము నుండి ఇంటికి గల దూరము, సంతకము అను ఖాళీలు ఉన్నవనుకొందము. ప్రతి ఖాళీని గురించి మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఈ సమాచారముతో మనము ఏమి చేయుదుము? ఇంటి నంబరు లేనిదే గొట్టము ఎచటికి వేయవలెనో తెలియదు; కావున అది ఉండవలెను. కుళాయి అందరికి ఒకే రుసుముపై ఇచ్చుచున్నచో కులముతోగాని, ఆదాయముతోగాని పని యేమి? రాయితీ ఏదైన ఉన్నప్పుడే ఆ ప్రశ్నకు తావున్నది. అట్టిది లేనిచో దానిని కొట్టివేయవలెను.

రెండవది: ఈ సమాచారము మన దగ్గర ఇదివరకే ఉన్నదా? పన్ను అసెస్‌మెంటు నంబరు చెప్పినచో ఇంటి యజమాని పేరు, వార్డు మన రిజిస్టరులోనే దొరకును. ఒకే సంగతిని పలుమార్లు వ్రాయించినచో రెండు చోట్ల రెండు విధములుగా పడి, తేడాలు వచ్చును.

మూడవది: దీనికి సమాధానము చెప్పవలసినవారు ఎవరు? ప్రధాన గొట్టము నుండి దూరమును కొలువవలసినది పంచాయతీ సిబ్బంది. దానిని దరఖాస్తుదారు నడుగుట న్యాయము కాదు. అట్టి ఖాళీలను అన్నిటిని "కార్యాలయపు ఉపయోగము కొరకు" అను వేరు భాగములో క్రింద చేర్చవలెను.

"తండ్రి లేక భర్త పేరు" అను ఖాళీ కూడ ఆలోచింపదగినది. వివాహిత తండ్రి పేరు వ్రాయవలెనా, భర్త పేరు వ్రాయవలెనా? భర్తను కోల్పోయిన స్త్రీ ఏమి వ్రాయవలెను? ఒకే పేరు గల ఇరువురిని వేరుచేసి గుర్తించుటయే ఈ ప్రశ్నకు ప్రయోజనము. అందుచేత తల్లి, తండ్రి, భర్త, భార్య అను నాలుగు మాటలలో ఒకదానిని ఎంచుకొని, ప్రక్కన పేరు వ్రాయునట్లు అమర్చినచో ఎవరికిని ఇబ్బంది ఉండదు.

అవసరమైనంతకు మించి అడుగరాదను ఈ సూత్రమునకు మన చట్టములలోనే ఆదర్శము కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము 6వ సెక్షను ప్రకారము సమాచారము కోరు వ్యక్తి తనకది ఎందుకు కావలెనో చెప్పనక్కరలేదు. తనను సంప్రదించుటకు అవసరమైన వివరములు తప్ప ఇతర సొంత వివరములను కూడ ఈయనక్కరలేదు. అయినను ఏ కార్యాలయమైన తన సమాచార హక్కు ఫారములో "కారణము" అని ఒక గడి పెట్టినచో, చట్టము తీసివేసిన అడ్డంకిని ఆ గడి తిరిగి తెచ్చి పెట్టినట్లగును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. చట్టముచేతను, నియమములచేతను నిర్ణయింపబడిన ఫారములను మార్చు అధికారము పంచాయతీకి లేదు. జననములను, మరణములను 21 దినములలోపల తెలియజేయుటకు 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము క్రింద ఏర్పడిన ఫారములు ఇట్టివి. వానిలోని ప్రశ్నలను తీసివేయుటగాని, క్రొత్తవి చేర్చుటగాని చేయరాదు. మనము దిద్దుకొనదగినవి పంచాయతీ తన సొంత పనులకై తయారు చేసికొన్న ఫారములు మాత్రమే.

తెలుగు అక్షరముల సంగతి

ప్రశ్నలు నిర్ణయమైన పిమ్మట అక్షరముల సంగతి చూడవలెను. తెలుగు టైపు రెండు విధములు. పాత డీ.టీ.పీ. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములు కూర్చబడి ఉండును. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగుగానే కనిపించును. లేని కంప్యూటరులో అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా మారును. అట్టి ఫాంటుతో టైపు చేసిన ఫారములో వెదకుట, పేర్లను అక్షరక్రమములో అమర్చుట సాధ్యము కాదు.

రెండవది యూనికోడు. ఇందులో ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య ఉండును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి రూపములోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. నింపదగిన ఫారమునకు యూనికోడు తప్పనిసరి. పాత ఫాంటులోనున్న ఫారమును మార్పిడి సాధనముతో యూనికోడులోనికి తెచ్చి, ఒకసారి ఆమూలాగ్రము చదివి, తప్పులు దిద్దుకొనవలెను. మార్పిడిలో ఒత్తులు, పొల్లులు తారుమారగుట సాధారణము. విండోసులో వచ్చు గౌతమి, నిర్మల ఫాంట్లుగాని, ఉచితముగా దొరకు నోటో, మండలి ఫాంట్లుగాని వాడుకొనవచ్చును.

గళ్ళు ఎన్ని విధములు

గడులన్నియు ఒక్కటి కావు. ప్రశ్నకు తగిన గడిని ఎంచుటలోనే ఫారము యొక్క మంచి చెడ్డలు ఉన్నవి.

వ్రాత గడి: పేరు, ఊరు, ఇంటి నంబరు వంటి వానికి ఇది తగును. చిరునామాకు, ఫిర్యాదు వివరమునకు పలు పంక్తుల గడిని ఎంచవలెను.

టిక్కు గడి: అవును, కాదు అనదగిన సంగతులకు, జతచేసిన పత్రముల జాబితాకు ఇది తగును. ఒకటికి మించి టిక్కులు పెట్టవచ్చును.

ఎంపిక గుండ్రము: ఉన్నవానిలో ఒక్కటే ఎంచవలసిన చోట దీనిని వాడవలెను. "సొంత ఇల్లు, అద్దె ఇల్లు" అను రెండింటిలో ఒకటి నొక్కినచో రెండవది తనంతట తొలగును.

జాబితా గడి: వార్డుల సంఖ్య, పంచాయతీలోని శివారు గ్రామముల పేర్లు ముందుగనే చేర్చి, అందులోనుండి ఎంచుకొనుటకు ఇది వీలు కల్పించును. ఒకే ఊరి పేరును నలుగురు నాలుగు విధములుగా వ్రాయు బాధ దీనితో తొలగును.

తేదీ గడి: 5-6-2024 అని వ్రాసినచో అది జూన్ నెల 5వ తేదీయా, మే నెల 6వ తేదీయా అను సందేహము రాకుండ, రోజు, నెల, సంవత్సరము అను క్రమమును దీనిలో నిర్ణయింపవచ్చును. కొన్ని సాధనములలో ఇది మామూలు వ్రాత గడివలెనే పనిచేయును. కావున ఆ క్రమమును ప్రక్కన మాటలలో కూడ వ్రాయుట మేలు.

అంకెల గడి: ఇది మొత్తములకు, కొలతలకు మాత్రమే. ఫోను నంబరు, ఇంటి నంబరు, ఆధారు సంఖ్య చూచుటకు అంకెలే అయినను, కూడుటకును తీసివేయుటకును ఉద్దేశింపబడినవి కావు. ఇంటి నంబరు 3-45/ఎ అని ఉన్నచో అంకెల గడి దానిని అంగీకరింపదు. సున్నతో మొదలగు సంఖ్యలలో ముందరి సున్న పోవును. అట్టివానికి వ్రాత గడియే ఉచితము. ఫోను నంబరునకు 10, ఆధారునకు 12 అని గరిష్ఠ పొడవును నిర్ణయించిన చాలును.

పేర్ల గడికి మాత్రము ఇట్టి హద్దు పెట్టరాదు. మనము ఒక అక్షరముగా చూచుదానిని కంప్యూటరు పలు గుర్తులుగా లెక్కించును. "స్త్రీ" అను ఒక్క అక్షరము దాని లెక్కలో 6 గుర్తులు. "లక్ష్మి" అను రెండక్షరముల పేరు 7 గుర్తులు. ఇంగ్లీషు పేర్ల అలవాటుతో 20 అను హద్దు పెట్టినచో, ఇంటిపేరుతో సహా వ్రాసిన తెలుగు పేరు నడుమనే తెగిపోవును. తెగిన పేరు రిజిస్టరులో ఎక్కినచో, దానిని సరిచేయించుకొనుటకు ఆ మనిషి మరల మరియొక దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చును.

మార్చు విధము

లిబ్రేఆఫీసు అను ఉచిత సాధనముతో ఈ పని చేయవచ్చును. 2010లో ప్రారంభమైన ఈ సాధనమును ఎవరైనను సొమ్ము చెల్లింపక వాడుకొనవచ్చును. ఇందలి రైటరు అను విభాగము వర్డులో టైపు చేసిన ఫైళ్ళను కూడ తెరువగలదు. చేయవలసిన పని ఈ క్రమములో జరుగవలెను.

1. ముందుగా అసలు ఫైలును కదపక, దానికి ఒక నకలు తీసికొని, ఆ నకలుతోనే పనిచేయవలెను.

2. చుక్కల గీతలను తీసివేసి, రెండు నిలువు వరుసల పట్టిక వేయవలెను. ఎడమ వరుసలో ప్రశ్న, కుడి వరుసలో ఖాళీ. ఇట్లు చేసినచో గళ్ళు ఒకే వరుసలో నిలుచును.

3. పైనున్న "ఫారమ్" అను మెనూను తెరచి, "డిజైన్ మోడ్"ను నొక్కవలెను. ఇది అమర్పు స్థితి. ఈ స్థితిలో గళ్ళను పెట్టవచ్చును, జరుపవచ్చును, నింపుటకు వీలుండదు.

4. అదే మెనూలో "టెక్స్ట్ బాక్స్", "చెక్ బాక్స్", "ఆప్షన్ బటన్", "లిస్ట్ బాక్స్" అనునవి ఉండును. కావలసినదానిని ఎంచి, పట్టికలోని ఖాళీలో మౌసుతో గడి గీయవలెను. గడిని అక్షరమువలె పంక్తికి కట్టివేయు "యాంకర్" ఏర్పాటు కలదు. అది చేసినచో పైన ఒక పంక్తి చేర్చినను గడి తన ప్రశ్నను విడిచిపోదు.

5. గడి మీద రెండుమార్లు నొక్కినచో దాని లక్షణములు తెరచుకొనును. అందులో గడికి అర్థవంతమైన పేరు పెట్టవలెను. గరిష్ఠ పొడవు, ఫాంటు, జాబితాలోని మాటలు ఇచటనే నిర్ణయింపవలెను. "హెల్ప్ టెక్స్ట్" అను చోట వ్రాసిన సూచన, నింపువారు మౌసును గడిమీద నుంచినప్పుడు కనిపించును. కన్ను కనబడనివారు వాడు తెర చదువు సాధనములు కూడ దీనిని చదివి వినిపింపగలవు. కావున దీనిని ఖాళీగా విడువరాదు.

6. ఎంపిక గుండ్రములకు ఒకే గుంపు పేరు ఈయవలెను. లేనిచో రెండును ఒకేసారి నొక్కుటకు వీలగును.

7. ట్యాబు మీట నొక్కినప్పుడు ఏ గడి తరువాత ఏ గడికి పోవలెనో "యాక్టివేషన్ ఆర్డర్" అను చోట సరిచూచుకొనవలెను. పేరు తరువాత ఊరికి పోక సంతకము దగ్గరకు దుమికినచో నింపువారు తడబడుదురు.

8. అమర్పు స్థితిని తీసివేసి, ఒకసారి నింపి చూడవలెను. పిమ్మట నింపినదంతయు చెరిపి, "ఫైల్" మెనూలోని "ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్"ను తెరువవలెను. అందు "క్రియేట్ పీడీఎఫ్ ఫారమ్" అను దానికి టిక్కు ఉన్నదో లేదో చూచి ఎక్స్‌పోర్టు చేయవలెను. ఈ టిక్కు లేనిచో గళ్ళు బొమ్మలుగా మిగులును.

రశీదు విషయమున ఒక సదుపాయము కలదు. ఫారము క్రింది భాగమున దరఖాస్తుదారునకు చించి ఇచ్చు రశీదులో కూడ పేరు, ఇంటి నంబరు వ్రాయవలసి ఉండును. పైనున్న గడికి, రశీదులోని గడికి ఒకే పేరు పెట్టి, ఎక్స్‌పోర్టు చేయునప్పుడు ఒకే పేరు గల గళ్ళను అనుమతించు టిక్కును పెట్టినచో, పైన వ్రాసినది క్రింద తనంతటనే పడును. రశీదు చేతిలోనున్న మనిషి తన దరఖాస్తు ఏమైనదని ధైర్యముగా అడుగగలడు.

వర్డు మాత్రమే ఉన్న కార్యాలయములలో "డెవలపర్" అను విభాగమును ఉపయోగింపవలెను. అది మొదట కనిపింపదు. "ఆప్షన్స్" లోని "కస్టమైజ్ రిబ్బన్" అను చోట టిక్కు పెట్టినచో పైకి వచ్చును. 2007 నాటి వర్డు నుండి అందు "కంటెంట్ కంట్రోల్స్" అను గళ్ళు ఉన్నవి. గళ్ళు అమర్చిన పిమ్మట "రిస్ట్రిక్ట్ ఎడిటింగ్" అను చోట "ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్"ను ఎంచి రక్షణ ప్రారంభించినచో, గళ్ళు తప్ప మిగిలినది మారదు. అయితే వర్డు నుండి మామూలుగా పీడీఎఫ్ చేసినచో ఈ గళ్ళు నింపుటకు వీలుకాని గీతలుగా మారిపోవును. కావున ఈ పద్ధతిలో వర్డు ఫైలునే పంచవలసి ఉండును.

పరీక్ష చేయక పంచరాదు

క్రొత్త బావి నీటిని రుచి చూచిన పిమ్మటనే ఊరికి విడుతురు. ఫారము విషయమును అంతియే. తయారు చేసినవారే పరీక్షించినచో తప్పులు కనిపింపవు. ఏలయన వారికి ప్రశ్నల అర్థము ముందే తెలియును. ఫారమును అదివరకు చూడని నలుగురిచేత నింపించి, ప్రక్కన కూర్చుండి, మాట సాయము చేయక చూడవలెను. ఎచట ఆగుదురో అచట ప్రశ్న సరిగా లేదని అర్థము. ఆ నలుగురిలో ఒకరు వృద్ధులు, ఒకరు ఫోనులో మాత్రమే నింపువారు ఉండుట మంచిది.

తెలుగును ప్రత్యేకముగా పరీక్షింపవలెను. కొన్ని పీడీఎఫ్ సాధనములు అచ్చు మాటలలోని తెలుగును చక్కగా చూపియు, గళ్ళలో టైపు చేసిన తెలుగు ఒత్తులను విడదీయును. "కృష్ణ", "లక్ష్మి", "సత్యనారాయణ" వంటి పేర్లు టైపు చేసి, భద్రపరచి, మరల తెరచి, అచ్చు తీసి చూడవలెను. ఒత్తులు చెదరినచో ఆ కార్యాలయము వర్డు లేక రైటరు ఫైలునే నింపుడు ఫారముగా వాడుట మేలు. తెలుగు రాదను నెపముతో ఇంగ్లీషులో నింపుడని గ్రామస్థులను నిర్బంధింపరాదు. పేరును ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాయుటచేతనే ఒక పత్రములోని పేరు మరియొక పత్రములోని పేరుతో సరిపోలక ఎందరో తిప్పలు పడుచున్నారు.

ఫోనులో పరీక్షించుట మరువరాదు. వాట్సాపు వంటి యాప్‌లలో తెరచిన ఫారములో గళ్ళు కనిపించియు నింపుటకు వీలుకాకపోవచ్చును. అట్టి సందర్భములో ఏ సాధనముతో తెరువవలెనో ఫారము పై భాగమున ఒక పంక్తిలో చెప్పవలెను.

సంతకము, రహస్యము

గడిలో టైపు చేసిన పేరు సంతకము కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ పత్రములకు, ఆ చట్టములో నిర్ణయించిన పద్ధతిలో చేసిన ఎలక్ట్రానిక్ సంతకములకు గుర్తింపు నిచ్చినది. ప్రతి గ్రామస్థుని వద్ద అట్టి సంతకపు ఏర్పాటు ఉండదు. కావున సంతకమునకు గడి పెట్టక, అచ్చు తీసిన పిమ్మట చేవ్రాలుగాని, వ్రేలిముద్రగాని వేయుటకు చాలినంత స్థలము విడువవలెను. నింపుట కంప్యూటరులో, సంతకము కాగితము మీద: పంచాయతీలకు ప్రస్తుతమున ఇది సులభమైన మార్గము.

నింపిన ఫారము ఇతరుల సొత్తు. అందు ఫోను నంబరు, ఒక్కొక్కప్పుడు ఆధారు సంఖ్య ఉండును. కాగితపు దరఖాస్తు బీరువాలో ఉండును. దానిని చూడగోరువాడు బీరువా దగ్గరకు రావలెను. కంప్యూటరు ఫైలు ఒక్క నొక్కుతో నూరుమందికి చేరగలదు. వ్యక్తుల సమాచారము రక్షణకై పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము చేసినది. దాని వెనుకనున్న సూత్రము సామాన్యులకును తెలిసినదే: ఏ పనికి తీసికొన్నామో ఆ పనికే వాడవలెను, అక్కరకు మించి తీసికొనరాదు. నింపిన ఫారములను వాట్సాపు గుంపులలో పెట్టరాదు. ఇంటర్‌నెట్ కేంద్రములో నింపినవారు ఫైలును అచటి కంప్యూటరు నుండి చెరిపి రావలెనని ఫారము మీదనే సూచింపవలెను. ఆధారు ప్రతి జతచేయుట తప్పనిసరియైన చోట, మొదటి 8 అంకెలు కనిపింపని ముసుగు ఆధారు చాలునేమో విచారింపవలెను.

ఫారము అడుగున తయారైన తేదీని వేయవలెను. రుసుము మారినప్పుడుగాని, ప్రశ్న మారినప్పుడుగాని క్రొత్త తేదీతో క్రొత్త ఫారము వెలువరించి, పాతదానిని గోడ నుండియు కంప్యూటరు నుండియు తీసివేయవలెను. ఊరిలో రెండు ఫారములు తిరుగుచున్నచో, పాతదానిని నింపినవారిది తప్పని చెప్పి పంపివేయుట అన్యాయము.

కాగితమును మూసివేయరాదు

నింపుడు ఫారము వచ్చినదని కాగితపు ఫారమును తీసివేయుట తగదు. అదే ఫైలును ఖాళీగా అచ్చు తీసినచో కాగితపు ఫారము సిద్ధము. అందుకనియే గళ్ళు చేతితో వ్రాయుటకు కూడ చాలునంత పెద్దవిగా ఉండవలెను. ఒకే ఫారము తెరమీదను, కాగితము మీదను పనిచేయుటయే మంచి అమర్పునకు గుర్తు.

చదువు రానివారి సంగతియును ఆలోచింపవలెను. సమాచార హక్కు చట్టము 6వ సెక్షనులోనే ఇందుకు దారి చూపబడినది. వ్రాయలేనివారు నోటితో అడిగినచో, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారి తగిన సాయము చేయవలెనని ఆ చట్టము ఆదేశించుచున్నది. ఇతర దరఖాస్తులలో కూడ పంచాయతీ ఈ పద్ధతినే అవలంబింపవచ్చును. చదువు రాని వృద్ధురాలు కార్యాలయమునకు వచ్చినప్పుడు సిబ్బంది నింపుడు ఫారమును తెరచి, ప్రశ్నలు చదివి, ఆమె చెప్పిన జవాబులు నింపి, మరల ఆమెకు వినిపించి, అచ్చు తీసి వ్రేలిముద్ర వేయించుకొనవచ్చును. గీతల ఫారము నింపుటకు ఆమె బజారులో ఎవరికో డబ్బీయవలసి వచ్చెడిది. గళ్ళ ఫారము ఆ ఖర్చును తప్పింపగలదు. కాని సిబ్బంది ఆ పనిని తమదిగా భావించినప్పుడే అది సాధ్యము. ఫారము తనంతట చేయజాలదు.

సభ్యులు ఒక్క ఫారముతో ప్రారంభింపుడు. మీ పంచాయతీలో ఎక్కువగా తిరిగి పంపబడుచున్న దరఖాస్తు ఏదో కార్యదర్శిని అడిగి తెలిసికొనుడు. ఏ ఖాళీ వలన అది తిరిగి వచ్చుచున్నదో చూడుడు. ఆ ఫారమును వచ్చు సమావేశము ముందు పెట్టి, ఒక్కొక్క ప్రశ్నను చదివి, ఉంచదగినది ఉంచి, తీయదగినది తీసి, తీర్మానము వ్రాయించి, ఆ పిమ్మట కంప్యూటరు మీదికి పంపుడు. నెల గడచిన తరువాత ఎన్ని దరఖాస్తులు తిరిగి వచ్చినవో మరల లెక్క చూడుడు. ఆ లెక్క తగ్గినచో, తగ్గిన ఒక్కొక్క దరఖాస్తు మీ ఊరిలో ఎవరికో ఒకనాటి కూలి మిగిల్చినదని గ్రహింపుడు.